పాలు పొంగించి వదిలేసిన ఇల్లు

ఆ ఇల్లు చూడగానే నచ్చింది. మేడమీద రెండు గదులు, ఒక వంటగది, పిల్ల తొంగిచూసినా పడిపోనంత ఎత్తున్న పిట్టగోడ, ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరం. కిటికీ చెక్క మీద వేలు రాస్తే నల్లగా అంటింది. భూపాలపల్లిలో బొగ్గు పొడి అంటని కిటికీ ఉండదని నాకు అప్పటికే అర్థమైంది. అంతకుముందు ఎనిమిది ఇళ్లు చూశాను మరి. ఒకచోట నీళ్లు లేవు, ఒకచోట తలుపుకు గడియ లేదు, మిగతా చోట్ల అన్నీ ఉన్నాయి గాని నాకు ఇవ్వడానికే ఇల్లు లేదన్నారు.

నాది జిల్లా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మొదటి నాలుగేళ్లు జనగామలో చేసి, బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. మా ఆయన మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. మా అమ్మ గార్ల దగ్గర తండాలో ఉంటుంది. మేం లంబాడీలం. పిల్ల పుట్టి నా సెలవు అయిపోయాక, ఉద్యోగం వదులుకునే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేక, పిల్లను అమ్మ దగ్గర ఉంచాం. జనగామలో రైలెక్కితే గార్లలో దిగొచ్చు కాబట్టి శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం పొద్దున్నే వచ్చేదాన్ని. భూపాలపల్లికి వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఇక్కడ రైలు లేదు. బస్సులు మారి తండాకు చేరి, పిల్లను ఎత్తుకుని దించేసరికి తిరుగు ప్రయాణం టైమయ్యేది.

మా భాషలో అమ్మను యాడి అంటాం. నా కూతురు మాటలు నేర్చినప్పుడు మా అమ్మను యాడి అని పిలిచింది. నన్ను ఏమనీ పిలవలేదు. వారానికోసారి వచ్చి బిస్కెట్లు ఇచ్చి పోయే మనిషికి ఒక పిలుపు అవసరం లేదనుకుందేమో. నాకు ఎంత ఉక్రోషం వచ్చేదంటే, ఆదివారమంతా దాన్ని చంకనేసుకుని తిరిగేదాన్ని, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. మా అమ్మ తనను నాని, అంటే అమ్మమ్మ, అనమని, నన్ను యాడి అనమని రోజూ చెప్పేది. చెప్పగా చెప్పగా, దానికి మూడో ఏడు నిండబోతుండగా, ఒకరోజు నేను స్టేషన్‌కు ఆటో ఎక్కుతుంటే వెనకనుంచి "యాడీ" అని కేక వేసింది. నేను ఆటో దిగిపోయాను. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. ఆ రోజంతా దానితో ఆ మాట ఎన్నిసార్లు అనిపించుకున్నానో లెక్కలేదు. అది విసుక్కున్నా వదల్లేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే బదిలీ వచ్చింది. ఇల్లు దొరకాలి, అమ్మనూ పిల్లనూ తెచ్చేసుకోవాలి, సాయంత్రం ఆఫీసు నుంచి మెట్లెక్కుతుంటే ఆ పిలుపు వినబడాలి. నాకు కావలసింది అంతకంటే ఏమీ లేదు.

ఇంటామెకు యాభై ఏళ్లుంటాయి. కింద వాళ్లుంటారు, పైభాగం కిరాయికి ఇస్తారు. పొలాలు కాటారంలో ఉన్నాయట, వాళ్లాయన ఎక్కువగా అక్కడే. ఆమె నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను ఇంకా మొదటి గుక్క మింగలేదు.

"మీదేవూరు చెల్లె?"

"గార్ల అక్కా."

"గార్లల మీరేమోళ్లు?"

ఏమోళ్లంటే ఏ కులమని. జనగామలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి రెండు ఇళ్లు పోగొట్టుకున్నాను. ఒకావిడ అయితే నా చేతికి ఇవ్వబోయిన తాళంచెవిని మళ్లీ కొంగుకు ముడేసుకుంది. అప్పుడు నేను ఊరుకోలేదు, వాకిట్లో నిలబడి నాలుగు మాటలు అని వచ్చాను. అని వచ్చినందుకు ఇల్లేమీ రాలేదు. ఈసారి అదంతా కళ్లముందు కదిలి, నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"మాది కాపుదనమే అక్కా."

కాపుదనమంటే మావైపు వ్యవసాయం. మా నాయన ఉన్నన్నాళ్లూ మిర్చి వేశాడు, పత్తి వేశాడు. ఇప్పుడు మా అన్న వేస్తున్నాడు. కాబట్టి నేను అబద్ధం చెప్పలేదు. కాని కాపోళ్లంటే భూములున్న ఒక పెద్ద కులమని కూడా అర్థముంది. ఆమె ఆ అర్థమే తీసుకుంటుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "అట్లనా! మేం గూడ కాపోళ్లమే. మంచిగైంది తియ్యి. మొన్న లంబాడోళ్లు అచ్చి అడిగిండ్రు. మొగడు పెండ్లాం ఇద్దరూ సర్కారు నౌకరోళ్లే, పాపం. గని మా ఆయన వద్దన్నడు. ఒకలకిస్తె పదిమంది దిగుతరట."

"అవునక్కా" అన్నాను.

ఆ "అవును" ఎవరూ అడగలేదు. ఊరుకున్నా సరిపోయేది. నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా అమ్మ. అలవాటుగా ఎత్తి "యాడీ" అనేశాను. అని, వెంటనే పెట్టేశాను.

ఇంటామె నన్నే చూస్తోంది. "యాడ అంటున్నవు? ఎవలన్న తప్పిపోయిండ్రా?"

ఇక్కడి మాటలో యాడ అంటే ఎక్కడ అని. ఆ సంగతి నాకు తట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

"మా ఆయన అక్కా. యాడున్నడో అని."

"మొగోళ్లు యాడుంటరో వాళ్లకే తెల్వది" అని ఆమె గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండు రోజుల తర్వాత స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం, పదకొండు నెలలకు. మా ఇంటిపేరు రాస్తే చదువుకున్న ఎవరికైనా తెలిసిపోతుంది. మొదటి అక్షరం రాసి చుక్క పెట్టాను. ఆధార్ జిరాక్స్ తర్వాత ఇస్తానన్నాను. ఇంటాయన సంతకం పెట్టి కాటారం బస్సు తొందరలో వెళ్లిపోయాడు. ఆమె క్యాలెండర్ తీసి ముహూర్తం చూసింది.

"వచ్చే గురువారం పొద్దుగాల మంచిగున్నది. పాలు పొంగియ్యి. పాలు పొంగినయంటె ఇల్లు నీదే, ఇగ ఎనకకు పోవుడు లేదు. సామాను తర్వాత నిమ్మలంగ తెచ్చుకో. మీ అవ్వను, పిల్లను తీస్కరా మరి, సూస్త."

మా ఆయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన మా భాషలో ఒక్కటే అడిగాడు: "పిల్ల నోరు ఎట్ల మూస్తవు?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. కాని ఆయన అడిగింది నిజమే. మా అమ్మతో భయం లేదు. సంతల్లో, షావుకార్ల దగ్గర ముప్పై ఏళ్లు తిరిగింది, ఆమె తెలుగు వింటే ఎవరికీ అనుమానం రాదు. నేనూ మా ఆయనా సరే సరి. మా ఇంట్లో తెలుగు రానిది పిల్ల ఒక్కతే. పుట్టినప్పటినుంచి తండా దాటలేదు, దానికి తెలుగులో నీళ్లు అడగడం కూడా రాదు.

నాలుగు రోజులు సెలవు పెట్టి తండాకు వెళ్లాను. పిల్లకు తెలుగు మాటలు నేర్పడం మొదలుపెట్టాను: నీళ్లు, అన్నం, పాలు, అమ్మమ్మ. మొదటి రోజు అదొక ఆట అనుకుంది, అడిగినవన్నీ చెప్పి చప్పట్లు కొట్టింది. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి మొరాయించింది. నన్ను అమ్మ అనాలి. ఎందుకనాలో దానికి అర్థం కాలేదు. కొత్తవాళ్ల ముందు అమ్మ, మనవాళ్ల ముందు యాడి అని చెప్పాను. మూడేళ్ల పిల్లకు కొత్తవాళ్లెవరో మనవాళ్లెవరో ఎలా తెలుస్తుంది? మేకలు కొనడానికి వచ్చినవాడు కొత్తవాడా అని అడిగింది. అవునన్నాను. ఎదురింటి ముసలామె? కాదన్నాను. మరి డాక్టరు? ఇలా కాదని, అసలు ఎక్కడైనా అమ్మే అనాలన్నాను. అది యాడీ అని పిలిస్తే పలకడం మానేశాను. వెనకే తిరుగుతూ పది సార్లు పిలిచేది. నేను గిన్నెలు తోముతూ, బట్టలు మడతేస్తూ, చెవిటిదానిలా ఉండేదాన్ని. అమ్మా అంటే అప్పుడు తిరిగి ఎత్తుకునేదాన్ని.

మా అమ్మ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు నా చేతిలో గిన్నె లాక్కుంది.

"రెండేండ్లు నేర్పితి ఆ పిల్లకు నిన్ను యాడి అనుమని. మూడు దినాలల్ల మర్పిస్తున్నవు. నీకేమన్న పిచ్చా?"

"నీకేం, నువ్వు రోజూ దాని పక్కల పండుతవు" అన్నాను. అమ్మ ముఖం చిన్నబోయింది. అనకుండా ఉండాల్సింది. నా నోరు అంతే, అవతలివాళ్లకు ఎక్కడ తగులుతుందో అక్కడే పడుతుంది.

బుధవారం ముగ్గురం బయల్దేరాం. హనుమకొండలో భూపాలపల్లి బస్సెక్కి కూర్చున్నాక, ముందు సీట్లోంచి మా ఆఫీసామె ఒకరు వెనక్కి తిరిగి పలకరించింది. ఆమెది వేరే సెక్షన్, నా ఇంటిపేరు ఇంకా తెలియదు. కాని ఆమెది మేం దిగబోయే ఇంటి వీధే, ఇంటామెకు బాగా తెలిసినావిడ. పిల్ల పేరేంటి, ఎన్నో ఏడు, బడిలో వేశారా అని అడుగుతోంది. నేను నవ్వుతూ జవాబులు చెబుతున్నాను. నా ఒళ్లో పిల్ల కదిలింది. ఎండ, ఉక్క, దాహం వేసినట్టుంది.

"యాడీ..." అంది.

నేను దాని నోటిమీద చెయ్యి వేశాను. మెల్లగా వెయ్యలేదు. ఆఫీసామె అటు తిరిగేదాకా తియ్యలేదు. తీసేసరికి బుగ్గ మీద నా వేళ్లు నాలుగూ ఎర్రగా తేలి ఉన్నాయి. అది ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, దిగి, మా అమ్మ ఒళ్లోకి పోయింది. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం నేనుంటున్న హాస్టల్లో పిల్ల నీళ్లు కావాలంటే నా కొంగు పట్టి లాగింది. ఆకలైతే గిన్నె చూపించింది. అమ్మా లేదు, యాడీ లేదు. ఒకందుకు మంచిదే అనుకున్నాను. రేపు ఒక్క పూట ఇలాగే నోరు మెదపకపోతే చాలు, తర్వాత మెల్లగా దారిలో పెట్టుకోవచ్చని. అలా అనుకున్నందుకు ఇప్పుడు నన్ను నేను ఏమని తిట్టుకున్నా తక్కువే.

గురువారం పొద్దున్నే వెళ్లాం. ఇంటామె గడపకు పసుపు రాసి ఉంచింది. తన చిన్న గ్యాస్ పొయ్యి పైకి తెచ్చి వంటగదిలో నేలమీద పెట్టింది. కొత్త గిన్నె, పాలు, బెల్లం నేను తెచ్చాను. పట్టు కాదుగాని పట్టులా మెరిసే కొత్త చీర కట్టుకున్నాను. మా అమ్మను చూసి ఆమె "రా అవ్వా, మంచిగున్నవా?" అంది. "మంచిగనే ఉన్న బిడ్డా" అంది అమ్మ. పిల్ల గడ్డం పట్టుకుని పేరడిగింది. పిల్ల చెప్పలేదు.

"సిగ్గా?"

"కొత్త గదా అక్కా" అన్నాను తొందరగా.

పొయ్యికి కుంకుమ పెట్టి వెలిగించి పాలగిన్నె పెట్టాను. అమ్మ కొత్త బిందెలో నీళ్లు పట్టడానికి బయటి కొళాయి దగ్గరికి వెళ్లింది. నేను లేచి నిలబడగానే ఇంటామె తలుపు దగ్గరనుంచి అడిగింది.

"ఆధార్ జిరాక్స్ తెచ్చినవా చెల్లె? పొద్దున గూడ ఫోన్ల ఆయన అదే అడిగిండు."

నేను పొయ్యికి వీపు పెట్టి ఆమెవైపు తిరిగాను. "ఆఫీసుల మర్చిపోయినక్కా. రేపు ఇస్త."

"రేపు పక్కా?"

"పక్కా అక్కా."

"గంత మతిమరుపైతె ఎట్ల" అని ఆమె గూట్లో బెల్లం పొట్లం విప్పడానికి అటు తిరిగింది. పిల్ల నాకు ఎదురుగా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నా వెనకకు చూస్తోంది. కళ్లు ఇంతింత చేసుకుని, రెండు చేతులతో తన నోరు తానే మూసుకుని ఉంది. ఆ ఇంటామె ఉంది కాబట్టి మాట రాకుండా ఆపుకుంటోంది అనుకున్నాను. నేర్పింది బాగానే పట్టుకుందని అనుకున్నాను. అంతటితో ఆగలేదు, శభాష్ అన్నట్టు దాని వైపు చూసి తలూపాను కూడా.

పిల్ల చేతులు ఇంకా గట్టిగా నోటికి నొక్కుకుంది. కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

అప్పుడు మా అమ్మ బిందెతో లోపలికి వచ్చి నన్ను చూసి "యాడీయే!" అని ఇల్లదిరిపోయేలా అరిచింది. మావాళ్లు భయమేస్తే అలాగే అరుస్తారు. ఏదో కాలుతున్న వాసన నాకూ అప్పుడే తగిలింది. కొంగు కొస పొయ్యిమీద పడి అంటుకుంది, మంట వీపు దాకా పాకుతోంది. నేను తిరగబోయేలోపే ఇంటామె ఒక్క అంగలో వచ్చి వట్టి చేతులతో ఆ కొంగు పట్టి నలిపేసింది. అమ్మ బిందె నామీద కుమ్మరించింది. పొగ, తడి, నల్లటి ముద్ద. నా మోచేతి వెనక కొంచెం కాలింది, అంతే. ఆ చీర గుడ్డ మాత్రం కరిగి ఇంటామె అరచేతికి అంటుకుపోయింది.

ఇక అమ్మ ఆగలేదు. నన్ను, నా చీరను, ఈ ఇంటిని, పిల్లకు నేను నేర్పిన చదువును, అన్నింటినీ కలిపి మా భాషలో గొంతెత్తి తిట్టింది. ముప్పై ఏళ్ల సంత తెలుగు ఒక్క ముక్క కూడా దగ్గరికి రాలేదు. ఆ తిట్ల మధ్యలోనే పాలు పొంగి, గిన్నె మీదుగా జారి, పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది.

"పాలు పొంగినయి" అంది ఇంటామె. చెయ్యి పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. తర్వాత మా అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది.

"మేం లంబాడోళ్లం అక్కా" అన్నాను.

అమ్మ టక్కున నోరు మూసి కొంగు తలమీదికి లాక్కుంది. పిల్ల అమ్మ కాళ్ల వెనక్కి పోయింది. నేను గ్యాస్ కట్టేసి, మిగిలిన నీళ్లు పళ్లెంలో పోసి, ఆమెను కూర్చోబెట్టి ఆ చెయ్యి నీళ్లలో పెట్టాను. చీర ముక్క ఊడి వచ్చినచోట తోలు కూడా లేచింది. ఆమె పళ్లు బిగపట్టింది. అయినా చెయ్యి కదల్చకుండా కూర్చుంది.

"ముందుగాలనే ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే ఇస్తుంటివా అక్కా?"

"ఇస్తుంటినో లేదో నాకే తెల్వది" అంది. ఆ మాటలో కల్మషం లేదు. ఆమె మీద నాకు అప్పుడు నిజంగా గౌరవం కలిగింది. తర్వాత ఆమె గొంతు తగ్గించి, తలుపు వైపు ఒకసారి చూసి చెప్పింది.

"సరే, అయిందేదో అయింది. నేనైతె ఆయనకు చెప్ప. నువ్వు మంచిగ కనవడుతున్నవు. ఆధార్ గూడ అడగకుంట జూస్కుంట. మీరు పైన ఏమన్న మాట్లాడుకోండ్రి, కిందికి ఇనవడకుంట. గీ పిల్లకు మాత్రం జర తెలుగు నేర్పు చెల్లె. నలుగుట్ల ఆ మాట అననియ్యకు. అంతే."

నేను నాలుగైదు రోజులుగా పిల్లకు చెబుతున్నది ఇదే. ఒక్క ముక్క తేడా లేదు. ఆమె అయినా నాకంటే మెత్తగా చెప్పింది, ఎవరి నోటిమీదా చెయ్యి వెయ్యలేదు. పైగా నన్ను కాపాడి చెయ్యి కాల్చుకుని చెబుతోంది. నేను ఒప్పుకుంటే ఆ పూటనుంచే ఇల్లు నాది. అమ్మ ఉంటుంది, పిల్ల ఉంటుంది, నేను సాయంత్రం మెట్లెక్కి వస్తాను. పిల్ల మెట్లమీద నన్ను చూస్తుంది, కింద ఎవరున్నారో చూస్తుంది, రెండు చేతులతో నోరు మూసుకుంటుంది.

"అక్కా, మేం రాం" అన్నాను.

"ఏంది?"

"ఇల్లు వద్దక్కా."

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమే. "పాలు పొంగినంక పోతరా ఎవలన్న? ఇంటికి మంచిగుంటదా? నేనేమన్న కానిమాటన్ననా నిన్ను? నా చెయ్యి సూడు!"

చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి నా చేతుల్లోనే ఉంది. ఏమని చెప్పను? జనగామలో వాకిట్లో నిలబడి తిట్టినంత తేలిక కాదు ఇది. తిట్టడానికి ఎదురుగా శత్రువు లేదు. నాకు ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు.

"నీ తప్పు కాదక్కా. నా కొంగుకు మంట అంటుకుంటే నా బిడ్డ సూసింది. సూసి గూడ నన్ను పిలువలేకపోయింది. నేనే పిలువద్దన్న."

ఆమె గుమ్మం వైపు చూసింది. పిల్ల ఇంకా అమ్మ చీర కుచ్చెళ్లలో ముఖం దాచుకునే ఉంది. ఇంటామె నావైపు తిరిగి "ఆయనకేం చెప్పాలె?" అంది.

"నిజమే చెప్పు. లంబాడోళ్లని తెలిసింది, వాళ్లే ఇల్లు వద్దని పోయిండ్రని."

"వాళ్లే పోయిండ్రంటె నమ్మడు" అంది ఆమె. అంత నొప్పిలోనూ మూతి కొంచెం వంకరపోయింది, నవ్వొచ్చి.

కిందికి వెళ్లి అగ్రిమెంటు కాగితం తెచ్చింది. అడ్వాన్సు తిరిగి ఇస్తానంది, దవాఖానకు ఉంచుకోమన్నాను, ఆమె ఒప్పుకోలేదు. ఒక చెయ్యి పనికిరాదు కాబట్టి కాగితం ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస పట్టుకుని నేను చింపాను. ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లి కట్టు కట్టించి దింపాను. గేటు దగ్గర దిగి వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లిపోయింది. తర్వాత బజార్లో ఎదురుపడితే పలకరించుకుంటాం. ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, ఆమే గాని నేనే గాని.

మధ్యాహ్నం బస్సుకు అమ్మా పిల్లా తిరిగి గార్లకు వెళ్లిపోయారు. ఇంకో ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ, పోగొట్టుకున్న ఆ మేడ గదులు గుర్తొచ్చి, తొందరపడ్డానా అని నాలో నేను పోట్లాడుకున్న రోజులు ఉన్నాయి. చివరికి గనిలో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన రేకుల ఇంట్లో ఒక వాటా ఇచ్చాడు. ఏమోళ్లని ఆయనా అడిగాడు. లంబాడోళ్లమన్నాను, కొంచెం గట్టిగానే. "మంచిది, నీళ్లు పొద్దుగాలనే పట్టుకోవాలె" అన్నాడు. అగ్రిమెంటులో ఇంటిపేరు పూర్తిగా రాశాను. ఆ ఇల్లు వేడి, ఇరుకు. ఇప్పటికీ అందులోనే ఉన్నాం.

పిల్లను తెచ్చుకోవడానికి తండాకు వెళ్లిన రోజు మా ఇంటిముందు చుట్టుపక్కల ఆడవాళ్లంతా మిరపకాయల తొడిమెలు తీస్తూ కూర్చున్నారు. అందరూ మావాళ్లే, అందరూ మాట్లాడుతున్నది మా మాటే. పిల్ల నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ కూర్చున్న ఒక్కొక్కరి ముఖం వరుసగా చూసింది. తర్వాత నన్ను వంగమని మెడ పట్టి కిందికి లాగి, చెవికి నోరు ఆనించి, ఎవరికీ వినబడకుండా "యాడీ" అంది.

గట్టిగా పిలువు బిడ్డా, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు అన్నాను. అది తల అడ్డంగా ఊపింది.